1991 పొలం దాకా రాలేదు

వ్యక్తి స్వేచ్ఛను, స్వేచ్ఛా విపణిని నమ్ముతానని చెప్పుకున్న మనిషిని జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. బిట్‌కాయిన్ రూపాయిని మింగేస్తుందా, ఆర్టీసీని అమ్మేయాలా, కృత్రిమ మేధ వచ్చాక ఇంతమంది ప్రభుత్వోద్యోగులు ఎందుకు, ఉచిత పథకాలు ఎప్పటికి ఆగుతాయి. ఇవన్నీ మాట్లాడుకోదగ్గవే. అయితే రాబోయే పాతిక ముప్పై ఏళ్లలో తెలుగు రాష్ట్రాల రాజకీయం, ఆర్థికం, కుటుంబాల తీరు ఎటు పోతాయో ఊహించమంటే నేను ముందుగా వెళ్లేది వీటి దగ్గరకు కాదు, తహసీల్దారు కార్యాలయానికి. మన దగ్గర మనిషికీ ప్రభుత్వానికీ ఉన్న సంబంధం ఏమిటో అక్కడ తెలిసినంత స్పష్టంగా అసెంబ్లీలో తెలియదు.

పి.వి. నరసింహారావు గారి జీవితంలోనే ఈ కథ సగం ఉంది. 1971లో ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయన భూసంస్కరణలను తలకెత్తుకున్నారు. భూపరిమితి చట్టం 1973లో వచ్చింది, ఆ ఏడాది జనవరిలోనే ఆయన పదవి పోయింది. పద్దెనిమిదేళ్ల తరువాత అదే మనిషి ప్రధానమంత్రిగా, పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకుని, 1991 జూలై 24న 18 పరిశ్రమలకు తప్ప మిగతా అన్నిటికీ లైసెన్సుల పద్ధతిని ఎత్తేశారు. ఆ రోజు మధ్యాహ్నం ప్రకటించిన విధానం వల్ల సిమెంటు ఫ్యాక్టరీ పెట్టేవాడికి ఢిల్లీ చుట్టూ తిరిగే బాధ తప్పింది. ఫోన్లు, విమానాలు, బ్యాంకులు ఒకదాని తరువాత ఒకటి బయటపడ్డాయి. పొలం మాత్రం 1973 దగ్గరే ఆగిపోయింది. ప్రభుత్వం ఇచ్చిన ఎకరం మీద బతికే రైతు ఆ ఎకరాన్ని ఎవరికి అమ్మాలో, అసలు అమ్మాలో వద్దో తానే తేల్చుకోగలడని నమ్మిన ప్రభుత్వం ఇంతవరకు ఒక్కటి కూడా నిలకడగా కనిపించలేదు.

ఆస్తి హక్కు గురించి మన దేశంలో గట్టిగా మాట్లాడిన పార్టీకి మొదటి అధ్యక్షుడు తెలుగువాడే. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900లో పుట్టిన ఎన్.జి. రంగా గారు, 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయానికి తీర్మానం చేయడంతో, రాజాజీతోనూ మీనూ మసానీతోనూ కలిసి స్వతంత్ర పార్టీని నిలబెట్టారు. 1967 ఎన్నికల్లో ఆ పార్టీ 44 స్థానాలు గెలిచి లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షమైంది. 1974కల్లా భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. ఆ తరువాత జరిగినది మాత్రం నాకు ఎప్పుడు తలచుకున్నా వింతగానే ఉంటుంది. స్వతంత్ర పార్టీకి ఒకప్పుడు నాయకత్వం వహించిన హెచ్.ఎం. పటేల్ ఆర్థిక మంత్రిగా ఉన్న జనతా ప్రభుత్వమే 1978లో 44వ సవరణ తెచ్చి, ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసి 300ఏ అధికరణంలో కూర్చోబెట్టింది.

స్వతంత్ర పార్టీ ఓడిపోవడానికి ఇందిరా గాంధీ ప్రభంజనం ఒక్కటే కారణమని నేననుకోను. మాజీ సంస్థానాధీశులు, జమీందార్లు, పెద్ద రైతులు అందులో గుంపుగా చేరడంతో, ఆస్తి హక్కు అంటే ఆస్తి ఉన్నవాళ్ల హక్కు అన్న ముద్ర దాని మీద పడింది, ఆ ముద్రను చెరిపే ప్రయత్నం కూడా పెద్దగా జరగలేదు. భూమి లేనివాడికి భూమి వచ్చిన తరువాత, అది పెద్ద రైతు భూమి ఎంత సొంతమో అంతే సొంతం కావాలన్న మాట ఆ పార్టీ వేదికల మీద ముందుకు రావలసింది. రాలేదు కనుకనే ఆ స్థలాన్ని ప్రభుత్వం తన షరతులతో నింపుకుంది.

ఆ షరతులు ఎలా ఉంటాయో తెలియాలంటే ఒక డీ పట్టాను, అంటే భూమి లేని పేదకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి కాగితాన్ని, చేతిలోకి తీసుకుని చదవాలి. రాయలసీమ వైపు దీన్నే డీకేటీ పట్టా అంటారు, తెలంగాణలో లావణి పట్టా అంటారు. మా పొలం గట్టుకు అవతల ఎకరం పైచిలుకు చేసుకునే ఒక పెద్దాయన తన పట్టాను ప్లాస్టిక్ కవరులో, రేషన్ కార్డు జిరాక్సుతో కలిపి దాచుకున్నారు. నాలుగు మడతల దగ్గర కాగితం చిరిగి, వెనక నుంచి పారదర్శక టేపు అంటించి ఉంది. ముందు వైపు సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ముద్ర, సంతకం. అసలు సంగతి షరతుల్లో ఉంది. వారసత్వంగా అనుభవించవచ్చు, అన్యాక్రాంతం చేయరాదు. మూడేళ్లలోగా సాగులోకి తేవాలి. షరతు తప్పితే ప్రభుత్వం భూమిని వెనక్కి తీసుకుంటుంది. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 తరువాత, తెలంగాణలో 1958 జూలై 25 తరువాత ఇచ్చిన పట్టాలకు ఈ అమ్మకం నిషేధం వర్తిస్తుంది. దానికి 1977లో 9వ నంబరు చట్టం చేసి, అంతకుముందు జరిగిన అమ్మకాలకు కూడా వెనక తేదీ నుంచి వర్తింపజేశారు. కాబట్టి ఈ పట్టాలు ఉన్నవాళ్ల ఇళ్లలో తేదీయే అన్నిటికంటే పెద్ద ఆస్తి. 1954 మే నెల కాగితం దొరికితే కుటుంబం గట్టెక్కుతుంది, అదే ఏడాది జూలైది దొరికితే లేదు.

భూదానం సంగతి ఇంకా విచిత్రం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు ఎవరి బలవంతం లేకుండా వంద ఎకరాలు ఇస్తానన్నారు. నాలాంటివాడు వెతుక్కునే ఆదర్శం అదే, ఒక మనిషి తన సొత్తును తన ఇష్టంతో మరో మనిషికి ఇవ్వడం. ఆ దానాన్ని 1965లో చట్టంలోకి తెచ్చాక, పుచ్చుకున్నవాడు మాత్రం దాన్ని అమ్మడానికి వీలు లేదు. దాతకు ఉన్న స్వేచ్ఛ గ్రహీతకు లేకుండా పోయింది.

ఈ నిషేధానికి మద్దతుగా చెప్పే కారణం అందరికీ తెలిసిందే. పేదవాడి చేతికి అమ్మే హక్కు ఇస్తే వాడు తాగుడుకో పెళ్లికో అమ్మేస్తాడు, రియల్ ఎస్టేట్ వాళ్లు కారుచౌకగా కొనేస్తారు, రెండు తరాల్లో మళ్లీ కూలీ అవుతాడు. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం, ఎందుకంటే ఇలా జరగడం మనలో చాలామంది కళ్లారా చూశాం. నా అభ్యంతరం ఇంకొకటి. నిషేధం ఉన్నప్పుడు కూడా ఇదే జరుగుతోంది. హైవే పక్కనో, కొత్త పరిశ్రమల వాడ దగ్గరో ఉన్న అసైన్డ్ భూములు ఎప్పుడో చేతులు మారాయి. తెల్లకాగితం మీద ఒప్పందం, స్టాంపు పేపరు మీద స్వాధీన అగ్రిమెంటు, నోటరీ ముద్ర, కొన్నిచోట్ల తొంభై తొమ్మిదేళ్ల లీజు అని పేరు. రిజిస్ట్రేషన్ కాదు కనుక కొనేవాడు ఆ రిస్కును ధరలో కోసుకుంటాడు. గట్టు అవతలి పెద్దాయనను ఒకసారి మాటల మధ్య అడిగితే, "డీ పట్టాకి ఆ రేటు ఎవరిస్తారు బాబూ, సగమిచ్చినా గొప్పే" అన్నారు. ఆయన నేల, మా నేల ఒకటే నల్లరేగడి, ఒకటే కాలవ నీళ్లు. తేడా అంతా కాగితంలో ఉంది. ఆ తేడా సొమ్ము గాలిలో కలిసిపోదు. ఇవాళ సగం ధరకు కొని, రేపు పలుకుబడితో దాన్ని క్రమబద్ధం చేయించుకోగలిగినవాడి జేబులోకి పోతుంది. అంటే పేదవాడిని కాపాడటానికి పెట్టిన నిషేధం, పేదవాడి దగ్గరి నుంచి పలుకుబడి ఉన్నవాడికి సగం ధరను బదిలీ చేసే ఏర్పాటుగా పనిచేస్తోంది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా నాన్న ఊరి తూర్పున ఉన్న చెలక అమ్మారు. మా చిన్నాన్న కొడుకు అమెరికా వెళ్లడానికి వాళ్లూ కొంత అమ్మారు. మా వైపు ఊళ్లలో ఈ కథ లేని పట్టాదారు ఇల్లు అరుదు. డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఇవాళ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో అనేకం ఇలా అమ్ముడైన పొలం మీద నిలబడినవే. ఆ అమ్మకాన్ని ఎవరూ మోసపోవడం అనలేదు, ముందుచూపు అన్నారు. అదే ఏడాది గట్టు అవతలి పెద్దాయన కొడుకుకు డిగ్రీ కాలేజీలో సీటు వచ్చినా పట్నంలో ఉంచి చదివించడానికి చేతిలో ఏమీ లేకపోయింది. భూమి ఉంది, దాన్ని డబ్బుగా మార్చే దారి లేదు. అసైన్డ్ భూములు పొందినవాళ్లలో దళితులు, గిరిజనులు, వెనుకబడిన కులాలవాళ్లే ఎక్కువ. పట్టా భూములు ఉన్న కులాలు తమ భూమిని చదువుగా, వీసాగా, అపార్టుమెంటుగా మార్చుకుని, ఆ మార్పుకు దారి లేనివాళ్లను చూసి "వీళ్లు అమ్ముకుంటే పాడైపోతారు" అనడంలో ఏదో చాలా తప్పుంది. మా స్వేచ్ఛావాద మిత్రులు ఆదాయపు పన్ను శ్లాబుల మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు దీని మీద పెట్టరు. వాళ్లెవరికీ డీ పట్టా లేదు, కారణం అంతే.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక సవరణ తెచ్చి, పట్టా ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములపై అసలు లబ్ధిదారులకు, వారి వారసులకు పూర్తి హక్కు ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక, ఆ పేరుతో అక్రమాలు జరిగాయంటూ ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. పెద్దవాళ్లు ముందే అగ్రిమెంట్లు రాయించుకుని, హక్కు రాగానే కొట్టేశారన్నది ఆరోపణ. అలా జరిగిన చోట్ల జరిగే ఉంటుంది, నాకు ఆశ్చర్యం లేదు. నలభై ఆరేళ్లు ఒక సరుకును చీకటి బజారులో ఉంచి, ఒకనాడు తలుపు తీస్తే, తలుపు దగ్గర ముందుగా నిలబడి ఉండేది చీకటి బజారులో తిరిగినవాడే. దానికి మందు మళ్లీ తలుపు మూయడం కాదు. ఒత్తిడితోనో మోసంతోనో రాయించుకున్న పాత అగ్రిమెంట్లు చెల్లవని చెప్పి, హక్కును అసలు లబ్ధిదారుడి పేరునే నిలిపి, అటు తరువాత తన ధర తానే చెప్పుకోనివ్వాలి.

అమ్మే హక్కు ఉన్న పట్టాదారు కూడా ఎంత సురక్షితమో చూడాలంటే 22ఏ జాబితా చాలు. రిజిస్ట్రేషన్ చట్టంలోని ఆ సెక్షన్ కింద ఒక సర్వే నంబరును అధికారి నిషేధిత జాబితాలో చేరిస్తే, ఆ నంబరులో మీ భూమి ఎంత పాతదైనా సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు ముట్టడు. జాబితాలో చేరిన సంగతి చాలామందికి అమ్మబోయిన రోజునే తెలుస్తుంది. చుక్కల భూముల బాధ ఇంకొకటి. బ్రిటిష్ కాలంలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు రాసిన గుమాస్తా, పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో పేరు తెలియక చుక్కలు పెట్టి వదిలేశాడు. ఆ చుక్కలను శతాబ్దం తరువాతి రెవెన్యూ శాఖ "ప్రభుత్వ భూమి" అని చదువుకుంది. తరతరాలుగా దున్నుతున్నవాళ్లు అది తమదని రుజువు చేసుకోవడానికి 2017లో ఒక ప్రత్యేక చట్టమే రావలసి వచ్చింది. ఖాళీ గడి ఎదురైనప్పుడు అనుమానపు లాభం దున్నేవాడికా, ప్రభుత్వానికా? మన రెవెన్యూ వ్యవస్థ దశాబ్దాలపాటు ఇచ్చిన జవాబు ప్రభుత్వానికనే.

ఆంధ్రలో 2023 అక్టోబర్ 31 నుంచి అమల్లోకి వచ్చిన భూహక్కుల చట్టాన్ని చూసి జనం భయపడటంలో నాకు తప్పు కనిపించలేదు. హక్కుకు ప్రభుత్వమే పూచీ ఉండటం సిద్ధాంతరీత్యా నాకు ఇష్టమైన విషయమే. అయితే ఆ హక్కును తేల్చే అధికారి ప్రభుత్వం నియమించే మనిషి, తగాదా వస్తే ఊరి దగ్గరి సివిల్ కోర్టుకు వెళ్లే దారి మూసేశారు. దానికి తోడు రైతు పాసుపుస్తకం మీద, కొన్నిచోట్ల పొలం సరిహద్దు రాళ్ల మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ. నా పొలం హద్దు మీద ఇంకొకరి ముఖం ఎందుకన్న ప్రశ్న ఊరి అరుగుల మీద పుట్టింది, ఏ సిద్ధాంతకర్తా నేర్పలేదు. ఆ చట్టాన్ని 2024లో రద్దు చేశారు, పుస్తకాల మీది బొమ్మ మారి రాజముద్ర వచ్చింది. నిషేధిత జాబితా మాత్రం అలాగే ఉంది.

తెలంగాణలో 2020 అక్టోబరులో వచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణి నుంచి నేర్చుకోవలసినది భవిష్యత్తుకు ఇంకా ఎక్కువ పనికొస్తుంది. రిజిస్ట్రేషనూ, రికార్డులో పేరు మార్చే మ్యుటేషనూ ఒకే పూటలో అయిపోవడం నిజంగా పెద్ద మేలే, దాన్ని కాదనను. కానీ పాత రికార్డులోని తప్పు కంప్యూటరులోకి ఎక్కినవాళ్లకు వినిపించిన మాట ఒకటే, "ఆప్షన్ లేదు". లంచం తీసుకునే గ్రామాధికారి పోయాడు, అతనితో పాటు తప్పు దిద్దగల మనిషి కూడా పోయాడు. అప్పీలు వ్యవస్థ 2025లో భూభారతి చట్టంతో మళ్లీ వచ్చింది. రాబోయే రోజుల్లో ధ్రువపత్రాలు, పింఛన్లు, పన్నులు, ఆసుపత్రి రికార్డులు అన్నీ ఫోన్ లోకి వస్తాయి. ఆంధ్రలో వాట్సాప్ పాలన 2025 జనవరిలోనే మొదలైంది. కృత్రిమ మేధ మనల్ని పాలిస్తుందన్న భయం కంటే నాకు ఈ భయమే ఎక్కువ. తప్పును ఒప్పుకునే గడి లేని తెర ముందు, ఎవరిని నిలదీయాలో తెలియని పౌరుడు నిలబడతాడు. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ తీసుకున్న ప్రతి నిర్ణయం మీద మనిషికి అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో లేకపోతే, రేపటి నియంతృత్వానికి పోలీసులు కూడా అక్కర్లేదు.

ఇచ్చినదానికి తాడు కట్టి ఉంచే ఈ అలవాటు భూమితో ఆగదు. రేషన్ బియ్యం తినాలి, అమ్మకూడదు. అమ్ముతున్నారన్నది ఊరూరా తెలిసిందే. 2024 చివర్లో ఈ బియ్యం విదేశాలకు పోతోందని కాకినాడ రేవులో ఓడను ఆపించినంత రాద్ధాంతం జరిగినా, ఇంటి ముందుకు వచ్చిన వ్యాపారికి చౌకగా ఇచ్చేసిన ఆడమనిషికి ఆ బియ్యం బదులు డబ్బే ఇస్తే ఏమవుతుందని అడిగినవాళ్లు తక్కువ. పథకాలు వద్దనే స్వేచ్ఛావాదులతో నేను ఏకీభవించను. అవి ఎలాగూ పోవు, పోనవసరమూ లేదు. ప్రభుత్వం ఇచ్చేది నగదుగా, మనిషికి, ప్రశ్నలు లేకుండా ఇస్తే స్వేచ్ఛకు జరిగే నష్టం అన్నిటికంటే తక్కువ. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు ఈ లెక్కన సగం సరైన పథకం. నగదుగా ఇచ్చింది, అయితే మనిషికి కాకుండా ఎకరానికి ఇచ్చింది. అందుకే హైదరాబాదులో ఉండే యజమాని ఖాతాలో పడింది, కౌలుకు దున్నేవాడికి అందలేదు.

పిల్లల విషయంలోనూ ఇదే తంతు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టం చెప్పింది. ముప్పై ఏళ్ల తరువాత, 2024 నవంబరులో, ఆంధ్రప్రదేశ్ దాన్ని తీసేసి, ఇప్పుడు ఎక్కువమందిని కనమంటోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సంతాన సగటు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తక్కువైతే పునర్విభజనలో లోక్‌సభ స్థానాలు తగ్గుతాయన్న భయం దీని వెనక ఉందని అందరికీ తెలుసు. కనవద్దన్నా కనమన్నా, అది తానే చెప్పవలసిన విషయమని ప్రభుత్వం అనుకోవడంలో మార్పు లేదు. ఎక్కువమందిని కనమన్న ఈ మాట వినేవాళ్లు ఎక్కువమంది ఉంటారని నేననుకోను.

దాని ఫలితం మాత్రం పొలం మీదే పడుతుంది. ఒకరిద్దరు పిల్లలు, వాళ్లూ బెంగళూరులోనో బోస్టన్‌లోనో. ఇంకో పాతికేళ్లలో కోస్తా జిల్లాల్లో భూయజమానుల్లో ఎక్కువమంది ఊళ్లో ఉండరని, దున్నేవాళ్లలో ఎక్కువమందికి కాగితం ఉండదని నా అంచనా. ఇప్పటికే డెల్టా గ్రామాల్లో కౌలుదారులే సాగు నడుపుతున్నారు. 1956 కౌలు చట్టం కౌలుదారుకు రక్షణ ఇవ్వబోయి, యజమానికి భయం పుట్టించి, కౌలు మొత్తాన్ని నోటిమాటలోకి నెట్టింది. 2019 చట్టం పదకొండు నెలల ఒప్పందానికి యజమాని సంతకం అడిగితే, పెట్టేవాళ్లు కరువయ్యారు. కౌలు రాసిస్తే భూమి పోదన్న నమ్మకం యజమానికి పూర్తిగా కలిగిస్తే తప్ప కౌలుదారుకు కాగితం రాదు. అది జరగకపోతే పొలాలు సుబాబుల్ తోటలుగా, జామాయిల్ తోటలుగా, లేకపోతే రాళ్లు పాతిన వెంచర్లుగా మిగులుతాయి. జరిగితే, నలుగురు యువకులు కలిసి వంద ఎకరాలు ఇరవై ఏళ్లకు లీజుకు తీసుకుని, ఆ లీజు కాగితం మీదే బ్యాంకు అప్పు తెచ్చుకుని చేసే వ్యవసాయం సాధ్యమవుతుంది. కంపెనీలు కూడా వస్తాయి. కంపెనీకి నేను భయపడను, కంపెనీ తరఫున భూమి సేకరించి పెట్టే కలెక్టరుకు భయపడతాను.

నా సిద్ధాంతం దగ్గర మంచి జవాబు లేని చోటు కూడా ఉంది. చెరువు శిఖం, పశువుల బీడు, వాగు పోరంబోకు ఎవరివి? పంచిపెడితే చెరువు నిండదు, ప్రభుత్వం దగ్గర ఉంచితే ఏదో ఒక రోజు పారిశ్రామికవాడ అవుతుంది. ఊరి ఉమ్మడి ఆస్తిగా, ఊరివాళ్ల వీటో హక్కుతో ఉండాలని నా మొగ్గు. కానీ ఊరు అంటే ఊళ్లో బలమున్న కులమే అయినప్పుడు ఆ వీటో ఎవరి చేతిలో ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఈ మార్పును ఏ పార్టీ తెస్తుందని అడిగితే, ఏదీ తేదనుకుంటున్నాను. షరతుల భూమి, షరతుల పథకం చేతిలో ఉన్నంతకాలం ఓటరు మళ్లీ మళ్లీ కార్యాలయానికి రావలసిందే, దాన్ని చేజేతులా వదులుకునే నాయకుడు అరుదు. రాజధాని అమరావతిలో పూలింగ్ కింద, అంటే భూమికి బదులు ప్లాటు ఇచ్చే పద్ధతిలో, భూములు తీసుకున్నప్పుడు కూడా పట్టా భూమికి ఇచ్చినంత ప్లాటు అసైన్డ్ భూమికి మొదట ఇవ్వలేదు, అడిగితే తప్ప సవరించలేదు. కదలిక కోర్టుల నుంచే వస్తుందని నా ఊహ, అక్కడికి వెళ్లేది కూడా పుస్తకాలు చదివిన మాలాంటివాళ్లు కాదు. 2004లో చేవెళ్ల డివిజన్ కేసులో అసైన్డ్ రైతులు, తమ భూమిని ప్రభుత్వం తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని వాదించి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం దగ్గర గెలిచారు. ప్రైవేటు ఆస్తి అంతా సమాజపు వనరు కాదని 2024 నవంబర్ 5న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, తీసుకునేటప్పుడు సమానమైన భూమి అమ్ముకునేటప్పుడు ఎందుకు సమానం కాదని అడిగే పిటిషన్ ఒకటి, ఏదో ఒక హైవే పక్క మండలం నుంచి, వచ్చే ఎన్నికల మేనిఫెస్టోల కంటే ముందే వస్తుందని నేను ఎదురుచూస్తున్నాను. ప్రభుత్వ న్యాయవాది 1977 నాటి జవాబే చెబుతారు, ఇదంతా వాళ్ల మంచికేనని. ఈసారి ఆ పిటిషనర్ల తరఫున నిలబడే లాయరు వాళ్ల ఇళ్లలో పుట్టినవారే అయ్యే అవకాశం 1977లో కంటే ఎంతో ఎక్కువ.